గాల్లో బిగించిన బోల్టు

పోయిన వారం ఈ కథ చదవనివాళ్ళు పెద్దగా నష్టపోయిందేమీ లేదు. మా ఇంటి మగవాళ్ళు ఎప్పుడూ చేసే పనే మళ్ళీ చేశారు. బండిలో ఉన్న లోపాన్ని వదిలేసి, బండిలో కూర్చున్న మనిషిని పట్టుకున్నారు. ఆ మనిషి మా ఆయన కావడం వల్లే ఈ వారం ఇంత మంటగా మొదలుపెడుతున్నాను.

మాది జీపుల షెడ్డు. కొండలూ గుట్టలూ ఎక్కాలని సరదాపడేవాళ్ళు బండ్లు తెచ్చిస్తే స్ప్రింగులు మార్చి, బండిని జానెడు ఎత్తు లేపి, పెద్ద పెద్ద టైర్లు తగిలించి పంపుతాం. అలా లేపించుకున్నవాళ్ళలో చాలామంది ఎక్కే గుట్ట తమ ఇంటి ముందున్న స్పీడ్ బ్రేకరే. షెడ్డు పెట్టింది మా మావగారు. ఇప్పుడాయన పానా పట్టరు, ఎత్తు స్టూలు మీద కూర్చుని తీర్పులు చెబుతారు. పెద్దకొడుకు మా బావగారు. ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. కొండలెక్కేవాళ్ళ క్లబ్బు ఒకటి పెట్టి, ముందు బండిలో నిలబడి చెయ్యి ఊపుతుంటారు కాబట్టి. చిన్నకొడుకు మా ఆయన. తయారైన ప్రతి బండినీ రోడ్డెక్కించి, నడిపి చూసి, ఇక ఇవ్వచ్చు అని చెప్పడం ఆయన పని. వేరే పని ఆయనకు రాదు, ఎప్పుడూ కోరుకోలేదు కూడా. చక్రాల అలైన్‌మెంటు నాది.

పళ్ళ డాక్టరుగారి జీపుని మా ఆయన ట్రయల్‌కి తీసుకెళ్ళారు. వంతెన దిగే చోట రోడ్డు అతుకు మీద టైరు ఎగిరి పడింది. అంతే, స్టీరింగ్ రెండు చేతుల్లోనూ పిచ్చెక్కినట్టు కొట్టుకుంది. ముందు చక్రాలు అటూ ఇటూ విరుచుకుపడుతూ, బ్రేకు వేసినా వినకుండా, బండిని తీసుకెళ్ళి పక్కనున్న ఇసుక కుప్పలోకి దూర్చాయి. బంపరు వంగింది, మనిషికి ఏమీ కాలేదు. మేం వెళ్ళేసరికి మా ఆయన జీపు కిందనుంచి లేస్తున్నారు. లేచి, మోచేతులకంటిన ఇసుక దులుపుకుని, ఊగుడు ఎలా మొదలైందో రెండు ముక్కల్లో చెప్పి, ఆపైన మాట్లాడడం మానేశారు. మాట్లాడింది బావగారు. "వణికింది బండి కాదు, మావాడి చేతులు" అన్నారు డాక్టరుగారితో ఫోన్లో, నవ్వుతూ. మావగారు స్టూలు దిగకుండానే తీర్పు చెప్పారు. డాక్టరుగారు బండి తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు, ఆయన ఎదుటే, చిన్నవాడు ట్రయల్ తాళాల గుత్తి పెద్దవాడికి ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత కౌంటర్లో కూర్చోవాలి, ఇక స్టీరింగ్ ముట్టకూడదు. మా ఆయన దానికి తలూపారు. నేను ఆయన్ని ఆ క్షణంలో ఎంత అసహ్యించుకున్నానో పోయిన వారమే రాశాను.

ఆ రోజు రానే వచ్చింది.

డాక్టరుగారు పొద్దున్నే దిగారు. ఒంటి మీద బోలెడు జేబులున్న కోటు. ఏ జేబులోనూ ఏమీ ఉన్నట్టు లేదు, అన్నీ అట్టల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. కాళ్ళకి కొండలెక్కే బూట్లు, వాటికింకా దుకాణం వాసన పోలేదు. భార్యాపిల్లలతో సాయంత్రమే ఘాట్ రోడ్డెక్కి వెళతారట. మనిషి మంచివాడే. మంచివాళ్ళని మోసం చెయ్యడం తేలిక కాబట్టి మా బావగారికి మంచివాళ్ళంటే ప్రాణం.

"రండి డాక్టరుగారూ, రండి. మీ గుర్రం రెడీ!" అన్నారు బావగారు, నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ. షెడ్డులో ఎండెక్కడుంది, ఆ కళ్ళద్దాలెందుకు అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. "నా చేతుల మీదుగా తయారైన బండి. మొదటి నట్టు నుంచి చివరి బోల్టు దాకా నేనే."

"మరి ఆ ఊగుడు?" అన్నారు డాక్టరుగారు.

"ఊగుడేంటండీ, దడుచుకున్నవాడి చేతిలో సైకిలైనా ఊగుతుంది. అయినా మీ తృప్తికోసం కొత్త డాంపర్ వేశా. అదిగో, ఎర్రగా కనబడుతోందే, అదే. ఎక్కండి, ఓ రౌండేసొద్దాం."

డాంపర్ అంటే స్టీరింగ్ కడ్డీకి అడ్డంగా కట్టే చిన్న షాక్ అబ్జార్బరు. చక్రాలు అదిరితే ఆ అదురుని అది మింగుతుంది. మింగుతుందే గానీ పోగొట్టదు. పాత డాంపర్ మింగలేకపోయిన అదురుని కొత్తది కొంతకాలం మింగుతుంది, తర్వాత అదీ చేతులెత్తేస్తుంది. అసలు అదురెందుకు పుట్టిందో చూడకుండా లావుపాటి డాంపర్ తెచ్చి తగిలించడం మా వృత్తిలో బద్ధకస్తుల వైద్యం. బావగారు దానికి ఎర్ర రంగున్న రకం వెతికి మరీ తెచ్చారు.

ఇద్దరూ వెళ్ళి వచ్చారు. ఎక్కడికి వెళ్ళారో నాకు తెలుసు. కొత్తగా వేసిన కాలనీ రోడ్డు మీదికి. అక్కడ అతుకుల్లేవు, గుంతల్లేవు. ఆ రోడ్డు మీద రోకలిబండ దొర్లించినా తిన్నగా పోతుంది.

"వెన్నలా పోయిందండీ" అన్నారు డాక్టరుగారు దిగుతూ, ముఖం వెలిగిపోతుంటే.

"విన్నావా నాన్నా?" అన్నారు బావగారు.

స్టూలు మీదనుంచి మావగారు గొంతు సవరించుకున్నారు. ఈ మధ్య ఆయన ఆ స్టూలు దిగడం చాలా తగ్గించేశారు. ఇదివరకు బండి కింద పడుకుని మమ్మల్ని తిట్టేవారు. ఇప్పుడు పైనుంచే తిడుతున్నారు. వయసుతో పాటు పెద్దరికం కూడా నెత్తికెక్కిందని నేను అనుకునేదాన్ని.

"తాళాలు అన్నకివ్వరా" అన్నారాయన.

మా ఆయన నడుముకి వేలాడే గుత్తి మీదికి చెయ్యి పోనిచ్చారు. కొక్కెం విప్పసాగారు. పెళ్ళైన కొత్తలో ఆ గుత్తి చప్పుడు విని ఆయన ఇంటికొచ్చారని తెలుసుకునేదాన్ని. దాన్ని ఇప్పుడు కిక్కురుమనకుండా ఇచ్చేస్తున్నారు. ఒక్క మాట, నాన్నా ఇది అన్యాయం అని ఒక్క మాట అనరే! ఒంట్లో ఉప్పూకారం ఉన్న మనిషేనా అనిపించింది.

"ఆగండి" అన్నాను.

బావగారు కళ్ళద్దాలు కళ్ళ మీదికి దించుకున్నారు. "ఏమ్మా మరదలా, పూజారి మంత్రం మధ్యలో తుమ్మినట్టు?"

"డాక్టరుగారూ, మిమ్మల్నొకటి అడగొచ్చా? పన్ను పుచ్చి నొప్పెడుతోందని ఎవరైనా వస్తే, నొప్పి మాత్రిచ్చి పంపేస్తారా?"

"కొంతమంది పంపేస్తారమ్మా" అన్నారాయన నిజాయితీగా. "నేనైతే పంపను."

"ఈ ఎర్ర డాంపరు నొప్పి మాత్ర."

డాక్టరుగారు వంగి డాంపర్ వంక చూశారు. అప్పటిదాకా అది ఆయనకు బండికి పెట్టిన బొట్టులా ముద్దుగా కనబడి ఉంటుంది.

"అంటే బండిని లేపడానికి నేను వేసిన కిట్టులో లోపముందంటావు" అన్నారు బావగారు.

"ఏదో ఒకటి లూజుగా ఉందంటాను. చక్రం బ్యాలెన్సు తప్పితే అదురు మెల్లగా మొదలై, వేగం పెరిగేకొద్దీ పెరిగి, ఇంకా పెరిగితే సర్దుకుంటుంది. చక్రాల బ్యాలెన్సు నేనే మళ్ళీ చూశాను, బాగానే ఉంది. ఇది అలా రాలేదు. అతుకు మీద పడగానే ఒక్కసారిగా మొదలైంది, బండి దాదాపు ఆగేదాకా ఆగలేదు. ఆయన ఆ రోజే చెప్పారు. మీరు వినలేదు, నవ్వుతున్నారు."

"చూపిస్తా చూడు" అన్నారు బావగారు. డాక్టరుగారి ముందు ఏదైనా చూపించే అవకాశం వస్తే ఆయన వదులుకోరు.

జీపుని లిఫ్టు మీదికి ఎక్కించి మీట నొక్కారు. బండి పైకి లేచింది. నాలుగు చక్రాలూ కిందికి వేలాడాయి. బావగారు దర్జాగా దాని కిందికి నడిచి, ఒక్కో కడ్డీని పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. "ఇది లూజా? కాదు. ఇది లూజా? కాదు. ఇది? రాయి! డాక్టరుగారూ, మీరూ పట్టుకుని చూడండి." డాక్టరుగారు కూడా రెండు కడ్డీలు ఊపి, ఊగడం లేదని ఒప్పుకున్నారు.

నాకు నవ్వాగలేదు. "గాల్లో వేలాడే చక్రం ఏం చెబుతుంది బావగారూ? ఒంటి బరువు లేనప్పుడు కుంటివాడు కూడా కుంటడు. దించండి. బరువు టైర్ల మీద పడాలి. స్టీరింగ్ మీరే పట్టుకోండి, మళ్ళీ ఎవరి చేతులో వణికాయి అంటారు."

బావగారు మావగారి వంక చూశారు. మావగారు దించమన్నట్టు వేలు చూపించారు. ఆ పద్ధతి మాకు నేర్పింది ఆయనే మరి, కాదనడానికి లేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వంటింట్లో ఏది ఎక్కడుందో తెలియకముందే నాకు తెలిసిన నియమం అది. ఏదైనా చూడాలన్నా, చివరి బిగింపు బిగించాలన్నా బండి నేల మీదుండాలి. మనం దాని కిందికి పాక్కుంటూ వెళ్ళాలి. ఈ ఒక్క విషయంలో మావగారు మనుషుల్ని స్పానరుతో కొట్టడానికి కూడా వెనకాడేవారు కారు.

బండి దిగింది. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, ఇంజను ఆన్ చేయించాను. బావగారు డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నేను అడుగున చిన్న చక్రాలున్న పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాను.

"ఏమండీ, టార్చి పట్టుకోండి" అన్నాను మా ఆయనతో.

ఆయన కదల్లేదు. "వదిలెయ్యవే" అన్నారు మెల్లగా. "ఇంటికెళ్దాం. నేను కౌంటర్లో కూర్చుంటాను, నాకేం ఇబ్బంది లేదు."

అది విని నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఈయన పరువుకోసం నూనె మరకల్లో పడుకుంటే, ఈయన కౌంటరు కుర్చీకి అప్పుడే మెత్త వేసుకుంటున్నారు!

"నేను పట్టుకుంటానమ్మా" అన్నారు డాక్టరుగారు. ఓ అట్టముక్క పరుచుకుని, జేబుల కోటుతో సహా నా పక్కన పడుకున్నారు. ఆ కోటుకి పుట్టి బుద్ధెరిగాక మట్టి అంటడం అదే మొదలు.

"బావగారూ, స్టీరింగ్ కొంచెం కుడికి, కొంచెం ఎడమకి. పూర్తిగా తిప్పొద్దు. తాళం గుచ్చి ఆడించినట్టు ఆడించండి చాలు. ఆపొద్దు."

ఆడించారు. ఇంతటి కెప్టెన్ని ఇలా నా చెప్పుచేతల్లో పెట్టుకోవడం హాయిగానే ఉంది, కాదనను. చక్రాలని స్టీరింగ్‌కి కలిపే టైరాడ్ చివర్ల మీద చెయ్యి వేశాను. గట్టిగా ఉన్నాయి. బాల్ జాయింట్లు, గట్టిగా ఉన్నాయి. స్టీరింగ్ బాక్సు బోల్టులు కదల్లేదు. ఇక మిగిలింది ట్రాక్ బార్. ముందు ఇరుసు పక్కకి జరగకుండా ఒక చివర ఇరుసుకీ, రెండో చివర బండి చట్రానికీ, అంటే ఛాసిస్‌కీ కట్టి ఉంచే అడ్డకడ్డీ అది. బండి ఎత్తు పెంచినప్పుడు ఛాసిస్ వైపు కొత్త బ్రాకెట్ వేసి, దానికి ఈ కడ్డీని ఒక్క లావుపాటి బోల్టుతో బిగిస్తాం. ఆ చివర మీద వేలు పెట్టాను. స్టీరింగ్ కుడికి తిరిగింది, వేలి కింద టక్కుమంది. ఎడమకి తిరిగింది, మళ్ళీ టక్కుమంది.

"డాక్టరుగారూ, మీ వేలు ఇక్కడ పెట్టండి. కడ్డీ మీద కొంత, బ్రాకెట్ మీద కొంత."

ఆయన వేలు పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. ఎదుటివాళ్ళ నోట్లో చెయ్యి పెట్టినప్పుడు కూడా అలాగే మూసుకుంటారు కాబోలు.

"కదులుతోంది" అన్నారు. తర్వాత గొంతు మారింది. "చిగురు వదిలేసిన పన్నులాగా కదులుతోందమ్మా. ఇది ఎక్కువ రోజులుండదు."

"గుంతలో పడగానే ఇరుసు ఇంత పక్కకి జరుగుతుంది, మళ్ళీ వెనక్కి కొట్టుకుంటుంది. దానితో చక్రాలు, చక్రాలతో స్టీరింగ్. ఆ ఊపు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతుంది. మీ కాలనీ రోడ్డు మీద తెలియదు. ఘాట్ రోడ్డు మలుపులో, పిల్లలు వెనక సీట్లో ఉండగా తెలుస్తుంది."

డాక్టరుగారు వేలు వెనక్కి తీసుకున్నారు. పైన సీట్లో బావగారు స్టీరింగ్ ఆడించడం ఆపేశారు. ఇంజను ఆపమన్నాను. ఆపారు.

బోల్టు తలకాయ మీద టార్చి వేసి చూశాను. నిగనిగలాడుతూ ఎర్ర గీత! నా గుండె పొంగింది. మా షెడ్డులో ఒక ఆచారముంది. చివరి బిగింపు అయ్యాక బిగించినవాళ్ళు బోల్టు మీద తమ రంగుతో ఒక గీత గీస్తారు. బోల్టు తర్వాత ఒదులైతే ఆ గీత విరిగి కనబడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పని ఎవరిదో దాచడానికి ఉండదు. బావగారిది ఎరుపు, మా ఆయనది పసుపు. మావగారిది తెలుపు, అయితే ఆయన పానా వదిలేశాక ఆ డబ్బా మూత కూడా ఎవరూ తియ్యలేదనే అనుకున్నాను.

స్పానరు అడిగితే మా ఆయన ఇవ్వలేదు. నేనే లేచి తెచ్చుకుని, ఇరుసు జరగకుండా కట్టి బోల్టు ఊడదీశాను. బ్రాకెట్ కన్నం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. కడ్డీ చివరనున్న రబ్బరు తొడుగుని, అంటే బుష్‌ని నెట్టి బయటికి తీశాను. అది పిండిన గుడ్డలా మెలితిరిగి, మెలిక పొడుగునా చిరిగి ఉంది. రెండూ పట్టుకెళ్ళి, బుష్ మావగారి చేతిలో పెట్టాను. బోల్టు నా దగ్గరే ఉంచుకున్నాను.

మావగారు ఆ బుష్‌ని వేళ్ళతో తిప్పి తిప్పి చూశారు. ఆయన చూపులో పదునింకా తగ్గలేదు.

"గాల్లో బిగించారు" అన్నారు.

"అంటే?" అన్నారు డాక్టరుగారు.

నేనే చెప్పాను. "బండి లిఫ్టు మీదున్నప్పుడు చక్రాలు వేలాడతాయి కదా, ఈ కడ్డీ ఒక వంపులో ఉంటుంది. అప్పుడు బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే కరుచుకుంటుంది. దించగానే వంపు మారుతుంది, రబ్బరు మెలిపడుతుంది. రోడ్డు మీద ఒక్క గట్టి దెబ్బ తగిలినా చాలు, చిరిగి, బోల్టు ఒదులై, కన్నాన్ని తినేస్తుంది. నేల మీద దించి, కిందికి దూరి బిగిస్తే ఇది జరగదు. బట్టలు మాస్తాయని కొందరికి బాధ." చివరి మాట బావగారి వంక చూస్తూ అన్నాను.

మావగారు బుష్‌ని ఒళ్ళో పెట్టుకున్నారు. షెడ్డంతా వినబడేలా అన్నారు. "ఇది ఎవరు బిగించారో వాడికి ఈ షెడ్డులో ఇక పని లేదు. నా కొడుకైనా సరే. పానాలు ఇక్కడ పెట్టి వెళ్ళిపోవడమే. డాక్టరుగారూ, మీ ఎదుట చెబుతున్నాను." తర్వాత నా వైపు తిరిగారు. "ఎవరి రంగుందమ్మాయ్?"

నేను నోరు తెరవబోయాను. అంతలో జీపు తలుపు తెరుచుకుంది.

"నాదే నాన్నా" అన్నారు బావగారు దిగుతూ. "ఎరుపు. తొందరలో గాల్లో బిగించేశా. తప్పయిపోయింది."

నేను నోరు తెరిచిన దాన్ని తెరిచినట్టే ఉండిపోయాను. మీకు ఈ మనిషి సంగతి తెలియదు. పెళ్ళిభోజనంలో త్రేన్చినా పక్కవాడి మీదికి తోసే రకం. నేను ఈ ఇంటికొచ్చాక ఆయన నోటినుంచి తప్పు అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. అలాంటి మనిషి, షెడ్డునుంచి గెంటేస్తానని తండ్రి అన్న మరుక్షణం, ఎవరూ వేలు చూపించకముందే, తానే దిగొచ్చి మెడ చాపడమేమిటి? పైగా నల్లకళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ బోల్టు ఇటివ్వమ్మా" అన్నారు. ఎన్నడూ లేనిది గొంతులో బతిమాలే ధ్వని.

"ఇచ్చెయ్యి" అన్నారు మా ఆయన కూడా, ఇంకో పక్కనుంచి. "చూసింది చాలు. అన్నయ్యకిచ్చెయ్యి."

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నా ముందుకి చేతులు చాపారు. ఇన్నేళ్ళ కాపురంలో వీళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం నేను చూసింది లేదు. ఫ్యాను ఎంత మీద తిరగాలన్న దగ్గర్నుంచి కొట్టుకునే మనుషులు.

నేను ఇవ్వలేదు. బల్ల మీదున్న థిన్నరు గుడ్డ తీసి బోల్టు తలకాయ రుద్దాను. ఎరుపు ఇట్టే గుడ్డకి అంటుకొచ్చింది. ఆ రంగు పూసి ఎన్నో రోజులు కాలేదు. ట్రయల్ జరిగాక, డాంపర్ మార్చేటప్పుడు పూసిన రంగది.

దాని కింద, గట్టిగా ఎండిపోయి, ఇంకో గీత ఉంది. తెల్లగా.

ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. ట్రయల్‌కి ముందు సాయంత్రం. బావగారు క్లబ్బువాళ్ళతో ఫొటోలు దిగడానికి వెళ్ళారు. మా ఆయన బేరింగు కోసం బజారుకి. నేను ఇంటికి బయల్దేరుతుంటే, జీపు ఇంకా లిఫ్టు మీదే ఉంది. మావగారు ఒక్కరే స్టూలు మీదున్నారు. "మీరు వెళ్ళండి, మిగిలింది చిన్న పనే" అన్నారు. పొద్దున వచ్చేసరికి పని అయిపోయి ఉంది. ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళు చేశారనుకున్నాం. బావగారైతే సహజంగానే తానే చేశాననుకున్నారు.

నేల మీద బిగించాలంటే కిందికి దూరాలి. కిందికి దూరాలంటే మోకాళ్ళు వంగాలి, మావగారివి ఇక వంగవు. నెత్తికెక్కిన పెద్దరికం అని నేను నవ్వుకున్న ఆ స్టూలు సంగతేమిటో అప్పుడు అర్థమైంది. అది అర్థమవ్వగానే మా ఆయన మౌనం కూడా అర్థమైంది. ఆ రోజు ఇసుక కుప్ప దగ్గర జీపు కింద ఆయన చూసింది ఈ తెల్ల గీతనే. చూసి, చేతకానివాడన్న పేరు తన నెత్తిన వేసుకుని, చివరికి పెళ్ళాంతో ఛీ అనిపించుకుని కూడా నోరు విప్పలేదు. నాకు జాలి రాలేదు, ఇంకా కోపమొచ్చింది. నాతోనైనా చెప్పొచ్చుగా!

ఇక బావగారు. ఆయనా చూశారు. మళ్ళీ బిగించారు, పైన తన రంగు పూశారు, అవసరమైతే నింద తన మీద వేసుకుందామనుకున్నారు. ముందు మాత్రం తమ్ముడి మీద వేశారు, అది సుఖం కాబట్టి. సరే, తండ్రి పరువు కాపాడాలనుకోవడం తప్పని నేననను. కానీ సాగిపోయిన కన్నంలో అదే బోల్టుని మళ్ళీ బిగించి, దాని మీద ఎర్ర డాంపర్ కప్పి, ఈ జేబుల కోటు అమాయకుణ్ణి పిల్లలతో సహా ఘాట్ రోడ్డు మీదికి తోలబోయాడే! కళ్ళెర్రబడ్డ కెప్టెన్ని చూసి నా మనసు ఓ క్షణం కరగబోయింది గానీ, ఆ ఆలోచనతో మళ్ళీ గడ్డకట్టింది.

"ఏం అమ్మాయ్, మాట్లాడవు?" అన్నారు మావగారు. "ఎరుపేనా?"

అవునంటే సరిపోతుంది. అవునన్న ఒక్క మాటతో కెప్టెన్ ఈ షెడ్డు గడప దాటతారు. తాళాల గుత్తి మా ఆయన నడుముకి తిరిగొస్తుంది. పొద్దున్నుంచి నేను కోరుకున్నది అక్షరాలా అదే. బావగారు కూడా నన్ను వేడుకుంటున్నది అదే. మావగారు తెలిసే అడుగుతున్నారా, ఆ సాయంత్రం సంగతి నిజంగానే మరిచిపోయి అడుగుతున్నారా అన్నది ఆ ముఖం చూసి చెప్పడం నా వల్ల కాలేదు.

"ఎరు..." అన్నాను.

"అదేంటమ్మా, లోపల తెల్లగా కూడా ఉందే?" అన్నారు డాక్టరుగారు నా భుజం మీదుగా తొంగిచూస్తూ. పై పూత గీకి కింద ఏముందో చూడడం ఆయనకు వృత్తి.

నేను గబుక్కున పిడికిలి మూశాను. బావగారి చెయ్యి చాపింది చాపినట్టే గాల్లో ఉండిపోయింది. మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

స్టూలు కిర్రుమంది. మావగారు రెండు చేతులతో దాని అంచు పట్టుకుని, ముందు ఒక కాలు, చాలాసేపటికి రెండో కాలు నేల మీద పెట్టారు. సాయం పట్టబోయిన పెద్దకొడుకుని మోచేత్తో తోసేశారు. గోడ పట్టుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"చెయ్యి తెరువు అమ్మాయ్" అన్నారు.